తిరిగే వాల్వులు తొమ్మిది

మ్యాపుల గది, నీటి సరఫరా ఆఫీసు
జూన్ 3, భోజనాల వేళ

ఆడపడుచు గారి సముఖానికి,

ఈ ఉత్తరం అందగానే నువ్వు చెయ్యకూడని పనులు రెండున్నాయి. ఒకటి, మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యకూడదు. రెండు, నవ్వకూడదు.

ఈ కాలంలో ఉత్తరమేమిటి వదినా అంటావు. మా గదిలోకి ఫోన్లు రానివ్వరు. ఊరి కింద గొట్టాలు ఎటెటు పోతున్నాయో బయటివాళ్లకి తెలియకూడదట. పొద్దున్నే గేటు దగ్గర పెట్టెలో ఫోన్ పడేసి పైకి రావాలి. గదిలో కంప్యూటర్‌కి ఇంటర్నెట్ లేదు, పెన్ డ్రైవ్ దూర్చే కన్నాలకి లక్కతో సీలు వేశారు. ఇంటికెళ్లి మాట్లాడదామంటే మీ అన్నయ్య పక్కనే ఉంటాడు. ఇది ఆయన చెవిన పడకూడని సంగతి. అందుకని కాగితం, కలం, గేటు పక్క పోస్టు డబ్బా.

మా చీఫ్ ఇంజనీరు గారి కన్ను మా గది మీద పడింది. "పైపు పగిలితే ఏ వాల్వులు కట్టాలో చెప్పడానికి మీకు ఒక పూట పడుతోందమ్మా, ఈలోగా వీధి చెరువైపోతోంది" అన్నారు. అది అబద్ధం కాదు. ఎవరిదో ఒక కంపెనీ వచ్చి, తమ సాఫ్ట్‌వేర్‌లో పగిలిన చోట ఒక్క నొక్కు నొక్కితే కట్టాల్సిన వాల్వులు ఎర్రగా వెలుగుతాయని కోతలు కోసి వెళ్లింది. సెప్టెంబరు పదిహేనున వాళ్లొచ్చి చూపిస్తారు. అదే రోజు మేమూ చూపించాలి. వాళ్లది నెగ్గితే మా గదికి తాళం. నన్ను కింద ఫిర్యాదుల కిటికీలో కూర్చోబెడతారు. పదకొండు వందల నలభై షీట్లు, ఒక్కొక్క గీతా ఆరేళ్లు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించినదాన్ని. ఆ కిటికీ తలుచుకుంటే ఏడుపొస్తోంది, ఒట్టు.

ఇక అసలు ముక్క. ఆ కంపెనీ మీ అన్నయ్య పనిచేసేదే. వచ్చి చూపించబోయేది స్వయానా మీ అన్నగారే! అవతలి పక్షం నేనని ఆయనకి తెలియదు. ఎలా తెలుస్తుంది? పెళ్లయి తొమ్మిదేళ్లయింది, ఆఫీసులో నేనేం చేస్తానో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే "నీటి ఆఫీసులో ఏవో ఫైళ్లు చూస్తుంది" అంటాడు. 

నువ్వు ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌కి ప్లగిన్లో ఏవో, ఆ అతుకు ప్రోగ్రాములు రాస్తావు కదా. మా కంప్యూటర్లో ఉన్నదీ అదే. నాకూ ఒక నొక్కు కావాలి. నొక్కితే వాల్వులు ఎర్రగా వెలగాలి. అంతే.

ఇట్లు,
ఏవో ఫైళ్లు చూసే మీ వదిన


మూడో అంతస్తు, బట్టలారేసుకునే వరండా పక్క గది
జూన్ 10

వదినకి,

నవ్వొద్దన్నావు కాబట్టి మంచం మీద కూర్చుని పద్ధతిగా నవ్వుకున్నాను. అన్నయ్య టై కట్టుకుని వచ్చి, ఎదురుగా నిన్ను చూసి ఎలా నోరు వెళ్లబెడతాడో తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. ఫోన్ మాత్రం చెయ్యలేదు.

అసలు నువ్వడిగే నొక్కు నా దగ్గర తయారుగానే ఉంది. రెండేళ్ల కిందట రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా విప్పి చూసుకోండి అని లోకం మీదకి వదిలేశాను. పెట్టిన షరతు ఒక్కటే, రాసినవాళ్ల పేరు చెరపకూడదు. కానీ అది రెండు వేల లైన్లు. కాగితం మీద పంపితే నువ్వు టైపు చేసేసరికి సెప్టెంబరు కాదు, నీ రిటైర్మెంటు వస్తుంది. అందుకని పొట్టు ఊదేసి నలభై లైన్ల స్క్రిప్టు చేశాను. వెనక పేజీలో ఉంది.

పగిలిన చోట ఒక చీమని వదిలావనుకో. అది గొట్టంలో అటూ ఇటూ నడుస్తుంది. దారి చీలితే చీమలూ రెండవుతాయి. వాల్వు ఎదురైతే అక్కడ ఆగిపోతాయి. చీమలన్నీ ఆగిన చోట్లే నువ్వు కట్టాల్సిన వాల్వులు. ఈ నలభై లైన్లూ చెప్పేది ఇదే.

ఒక్క హెచ్చరిక. లైను మొదట్లో నేను వదిలిన ఖాళీలు అందం కోసం కాదు. నాలుగుంటే నాలుగే, ఎనిమిదుంటే ఎనిమిదే. ఒకటి తగ్గినా కంప్యూటర్ అలిగి కూర్చుంటుంది, నీలాగే.

మీ మరదలు


మ్యాపుల గది
జూన్ 21

అమ్మాయ్,

నాకు ఖాళీల గురించి నువ్వు చెబుతావా? పదిహేడేళ్లు డ్రాఫ్టింగ్ బల్ల మీద బతికినదాన్ని. నీ కోడి గీతల కాగితాన్ని గళ్ల ట్రేసింగ్ పేపరు మీద స్టెన్సిల్ అక్షరాలతో తిరగరాసి, గడికో అక్షరం, గడికో ఖాళీ పెట్టుకుని టైపు చేశాను. అలగలేదు. నీ కంప్యూటర్ కంటే నేనే మర్యాదస్తురాలిని.

నడిచింది కూడా. మార్కెట్ రోడ్డులో పెద్ద పైపు పగిలిందనుకుని నొక్కాను. "కట్టవలసిన వాల్వులు: 0" అంది. పక్క వీధి, సున్నా. ఆస్పత్రి వెనక వీధి, సున్నా. అంటే నీ లెక్కన ఈ ఊళ్లో ఏ పైపు పగిలినా ఎవరూ లేవక్కర్లేదు. హాయిగా ఉంది. చీఫ్ గారికి ఇదే చూపించమంటావా?

వదిన


వరండా పక్క గది
జూన్ 29

వదినా,

చీమలు నడవలేదంటే గొట్టాలు కలవలేదన్నమాట. షీటుకీ షీటుకీ మధ్య నీ గీతల కొసలు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయి ఉంటాయి. కంటికి కలిసినట్టే ఉంటుంది. చీమకి మాత్రం అది అగాధం. ఇందులో తప్పు నీదే, షీట్లు గీసింది నువ్వు కనక.

దీనికో మందుంది. కొసలన్నీ వెతికి, ఒకదానికొకటి రెండు మీటర్లలోపు ఉన్నవాటిని ఒక్క చోటికి చేర్చే స్క్రిప్టు పంపుతున్నాను. పదమూడే లైన్లు. ఏడో లైనులో దూరం అని ఉన్న చోట 2 అని ఉంటుంది, దాన్ని కదపకు.

ఇంకో మాట. అన్నయ్య మొన్న ఫోన్ చేశాడు. మూడేళ్లలో మొదటిసారి, నా పుట్టినరోజు కాకుండా. ఏమడిగాడో చెప్పను. నీ విషయం మాత్రం ఒక్క ముక్క కూడా అనలేదు, నా మీద ఒట్టు.

మరదలు


మ్యాపుల గది
జూలై 8

దాన్ని కదపకు అన్నావు. కదపలేదు. ఊరే కదిలింది.

నొక్కగానే తెర మీద ఉన్న ఊరు మాయమైపోయింది! వీధులూ పెద్ద గొట్టాలూ వాల్వులూ ఏవీ లేవు. ఎంత వెతికినా తెల్లటి కాగితం. చివరికి ఒక మూల ఈగ వాలినంత చుక్క కనిపించింది. దగ్గరికెళ్లి చూద్దును కదా, మొత్తం గొట్టాలన్నీ ఆ ఒక్క చోటే కుప్పపడి ఉన్నాయి. ఆ చోటు ఎక్కడో తెలుసా? చీఫ్ గారి క్వార్టర్ ముందు కుళాయి.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని చీఫ్ గారు. "ఏమ్మా, ఎక్కడిదాకా వచ్చింది?" "అంతా మీ ఇంటి దాకా తెచ్చాం సార్" అన్నాను. ఆయన చాలా సంతోషించి వెళ్లిపోయారు.

తరవాత కూర్చుని నీ స్క్రిప్టు అక్షరం అక్షరం చదివితే తెలిసింది. నువ్వు మీటర్లు అనుకున్నావు. మా మ్యాపు అక్షాంశాల, రేఖాంశాల డిగ్రీల్లో ఉంది. నీ రెండు అంటే రెండు డిగ్రీలు. అంటే రెండు వందల కిలోమీటర్ల పైమాట! అంత దూరంలో ఉన్న కొసలన్నీ కలిపెయ్యమంటే కలపదూ మరి? మీటర్లా డిగ్రీలా అని ఒక్క మాట అడిగావా? వెంట్రుకవాసి, అగాధం అని నాకు పాఠాలు చెప్పావే!

నీ అదృష్టం కొద్దీ నాకొక అలవాటుంది. డ్రాఫ్టింగ్ వాళ్లం అసలు షీటు మీద ఎప్పుడూ కలం పెట్టం, పైన ట్రేసింగ్ వేసుకునే గీస్తాం. కంప్యూటర్లోనూ అంతే, అసలుది విడిగా దాచి నకలు మీదే నీ వైద్యం చేయించాను. లేకపోతే ఆరేళ్ల పని నీ ఏడో లైను మింగేసేది.

మీ అన్నయ్య ఏమడిగాడు?

వదిన


వరండా పక్క గది
జూలై 15

మహాతల్లీ,

చెవులు పట్టుకున్నాను, గుంజీళ్లు కూడా తీశాను, లెక్క పదకొండు. డ్రాఫ్టింగ్ మనిషి మ్యాపు మీటర్లలోనే ఉంటుందని నేననుకున్నాను. ప్లగిన్ల మనిషి అన్నీ ఆలోచించే ఉంటుందని నువ్వనుకున్నావు. ఇద్దరం పప్పులో కాలేశాం, నాది కాస్త లోతుగా పడింది.

ముందు మ్యాపుని మీటర్లలోకి మార్చే నాలుగు లైన్లు పంపుతున్నాను. అవి నడిపాక అదే పదమూడు లైన్లూ నడుపు. ఈసారి ఊరు కదలదు. కదిలితే నా పేరు మార్చుకుంటాను.

"అంతా మీ ఇంటి దాకా తెచ్చాం సార్" అన్నది మా ప్లగిన్ల గుంపులో చెప్పాను. ఊరి పేరు చెప్పలేదులే. ఎక్కడెక్కడివాళ్లో పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

అన్నయ్య సంగతి తరవాత.

మరదలు


మ్యాపుల గది
ఆగస్టు 9

అమ్మాయ్,

పేరు మార్చుకోనక్కర్లేదు. చీమలు నడుస్తున్నాయి! మార్కెట్ రోడ్డుకి అయిదు వాల్వులు, ఆస్పత్రి వెనక వీధికి నాలుగు. ఎర్రగా, ముచ్చటగా వెలిగాయి. సంతోషం పట్టలేక మా ముసలి ఫిట్టర్ని పిలిచి చూపించాను. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో వాల్వులు తిప్పుతున్న మనిషి.

ఆయన కళ్లజోడు సర్దుకుని తెర వంక చూసి, పెద్దగా నవ్వాడు. "ఈ నాలుగింట్లో మూడు తిరగవమ్మా. ఒకటి తారు కింద పూడిపోయింది. ఒకటి తుప్పు పట్టి బిగుసుకుంది. ఇంకోదాని తల ఊడి ఏడేళ్లయింది."

"మరి మ్యాపులో ఉన్నాయిగా?"

"మ్యాపులో ఉంటే నీళ్లాగుతాయా తల్లీ?"

ఆరేళ్లు గీశాను, ఒక్క వాల్వు కూడా కంటితో చూడలేదు.

ఆ మర్నాటి నుంచి తెల్లారగానే ఆయన వెంట తిరుగుతున్నాను. ఒక్కో మూతా తీయించి, వాల్వు తిప్పే పొడుగు ఇనప తాళం వేసి తిప్పించి, తిరిగిందా లేదా అని రాసుకుంటున్నాను. మొత్తం ఆరు వందల నలభై. ఇప్పటికి నాలుగు వందలు అయ్యాయి, నూట ముప్ఫై తిరగలేదు. మీ అన్నయ్యకి పొద్దున నడకకి వెళుతున్నానని చెప్పాను. "మంచి పని, కాస్త ఒళ్లు తగ్గుతుంది" అన్నాడు. ఆ మాటకి వేరే శిక్ష ఆలోచిస్తున్నాను.

మ్యాపులో వాల్వుల పట్టికకి "తిరుగుతుందా" అని ఒక గడి చేర్చాను. అవును, కాదు. ఇప్పుడు నీ చీమలకి చెప్పు, కాదు అని ఉన్న వాల్వు దగ్గర ఆగొద్దని, దాటి తరవాతి వాల్వు దాకా నడవమని.

వదిన


వరండా పక్క గది
ఆగస్టు 20

వదినా,

ఒక్క లైను చాలు. కింద రాశాను, ఇరవై రెండో లైను తరవాత, పన్నెండు ఖాళీలు వదిలి పెట్టు. ఎన్నో దేశాలవాళ్లు నా ప్లగిన్ వాడారు, ఎందరో తప్పులు పట్టారు. వాల్వు తిరుగుతుందా అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నీ గడిని నా పెద్ద ప్లగిన్‌లోనూ చేరుస్తున్నాను, రాసినవాళ్ల పేర్లలో నీ పేరు పెడుతున్నాను. వద్దంటే వినను.

ఇప్పుడు నా గుండెలో గుచ్చుకుంటున్న ముల్లు. ఇక దాచలేను.

జూన్‌లో అన్నయ్య ఫోన్ చేసి, "మా సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఎర్రర్ వస్తోందే, నువ్వు ఇలాంటివి చేస్తావుగా, కాస్త చూసిపెట్టు" అని తెర ఫోటో పంపాడు. చూస్తే అందులో ఉన్న మాట, "గొట్టం ఇక్కడ తెగింది, కాస్త చూసుకోండి బాబూ." అది నేను రాసిన మాట వదినా. బాబూతో సహా. వాళ్ల కంపెనీ నా ప్లగిన్‌ని దింపుకుని, రంగు మార్చి, నా పేరు చెరిపి, సొంత సరుకని అమ్ముతోంది. అన్నయ్యకి ఆ సంగతి తెలియదు. తెలిస్తే నాకే పంపుతాడా?

నేనేం చేశానో తెలుసా? బాగుచేసి పంపాను. నువ్వూ అడిగావు, వాడూ అడిగాడు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినవాడు మొదటిసారి నన్ను చెప్పమన్నాడు. కాదనలేకపోయాను. తరవాత ఇంకో రెండుసార్లు కూడా.

తిట్టు.

మరదలు


మ్యాపుల గది
ఆగస్టు 28

ఆడపడుచు గారికి,

మీరు పంపిన ఒక్క లైను అందింది. పన్నెండు ఖాళీలు వదిలాను. పనిచేస్తోంది.

రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఇన్నాళ్లు ఎంత చక్కగా నిలబడ్డారండీ! నేనిక్కడ తారు రోడ్ల మీద మోకాళ్లు గీక్కుంటూ ఉంటే మీరక్కడ మీ అన్నగారి కత్తికి సాన పడుతున్నారన్నమాట.

పదిహేనో తారీకున అందరి ముందూ లేచి, ఇది దొంగ సరుకు, రాసినావిడ మా ఆడపడుచు, పేరు చెరిపేశారు అని చెబుతాను. ఒక్క మాటతో కథ ముగిసిపోతుంది. నా గది నాకుంటుంది.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


వరండా పక్క గది
సెప్టెంబరు 4

వదినా, నన్ను మీరు అనకు. నాలుగు తిట్లు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

చెప్పాలనుకుంటే చెప్పు, ఆపే హక్కు నాకు లేదు. కానీ చెబితే పేరు చెరిపిన పెద్దలకి ఏమీ కాదు. ఆ రోజు అక్కడ నిలబడి ఉన్నవాడి ఉద్యోగం పోతుంది. వాడు నీ మొగుడు, నా అన్న. నా పేరు నేను తరవాతైనా అడిగి తెచ్చుకోగలను.

నీ దగ్గర ఉన్నది వాళ్ల దగ్గర లేదు. వాళ్లకి మీ ఆఫీసు జూన్‌లో ఇచ్చిన మ్యాపులో "తిరుగుతుందా" గడి లేదు. దాంతోనే గెలువు. గెలుస్తావో లేదో నాకు తెలియదు. భయంగానే ఉంది.

మరదలు


మ్యాపుల గది
సెప్టెంబరు 16

ఒసేయ్ మరదలా,

కూర్చున్నావా? కూర్చో.

నిన్న పదింటికి సమావేశం హాల్లోకి ఫైలు పట్టుకుని వెళ్లాను. మీ అన్నయ్య అప్పటికే తెర ముందు వైర్లు సర్దుకుంటున్నాడు. నన్ను చూసి గబగబా వచ్చి, చెవి దగ్గర, "నువ్వెందుకొచ్చావు? నేనేమైనా మర్చిపోయానా? టిఫిన్ డబ్బా తెచ్చుకున్నానే!" అన్నాడు. నేను వెళ్లి ఎదురు బల్ల దగ్గర కూర్చున్నాను. చీఫ్ గారు "ఈవిడ మా మ్యాపుల గది ఇన్‌ఛార్జి" అని పరిచయం చేశారు. మీ అన్నయ్య నాకు నమస్కారం పెట్టాడు! ఆ నమస్కారం నేను చచ్చేదాకా దాచుకుంటాను.

చీఫ్ గారు ఆస్పత్రి వెనక వీధి అన్నారు. మీ అన్నయ్య నొక్కాడు. రెప్పపాటులో నాలుగు వాల్వులు. నేను నొక్కాను. పదకొండు సెకన్లు పట్టింది, తొమ్మిది వాల్వులు. హాలంతా నవ్వు. "నాలుగుతో పోయేదానికి తొమ్మిది కట్టి అన్ని వీధులకీ నీళ్లాపుతావా అమ్మా?" అన్నారు చీఫ్ గారు. అప్పుడే మీ అన్నయ్య, "ఇది పూర్తిగా మా కంపెనీ సొంతంగా తయారు చేసిందండీ" అన్నాడు. నీ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూశాను. నమ్మకంగా చెబుతున్నాడే, పాపం, నిజమనే చెబుతున్నాడు. మింగేశాను.

"ఆ నాలుగింట్లో మూడు తిరగవు సార్" అన్నాను.

"మ్యాపులో ఉన్నాయి కదండీ" అన్నాడు మీ అన్నయ్య. నన్ను. అండీ అని.

"మ్యాపులో ఉంటాయండీ. వెళ్లి తిప్పి చూద్దాం రండి" అన్నాను.

అందరం జీపులెక్కి ఆస్పత్రి వెనక్కి వెళ్లాం. మీ అన్నయ్య చూపించిన మొదటి వాల్వు మీద ఫిట్టరు తాళం వేసి, ఇద్దరు మనుషులు వేలాడినా కదల్లేదు. రెండోది ఎక్కడా అని వెతికితే కాళ్ల కింద తారు తప్ప ఏమీ లేదు. మూడోదాని మూత తీస్తే లోపల మొండెం ఉంది, తల లేదు. చీఫ్ గారు ఇక చాలన్నారు. తరవాత నావి. ఒకటి, రెండు, మూడు... ఫిట్టరు తిప్పుతున్నకొద్దీ నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఏడోది కాస్త మొరాయించింది. తొమ్మిదోది బిగించగానే వీధి చివర కుళాయి సన్నబడి, చుక్కచుక్కగా కారి, ఆగిపోయింది. మొత్తం ఇరవై ఆరు నిమిషాలు.

చీఫ్ గారు ఆగిన కుళాయి కింద చెయ్యి పెట్టి చూసుకుని, "గది ఉంటుందమ్మా" అన్నారు. అంతే. అక్కడే, రోడ్డు మీద, మురిక్కాలవ పక్కన. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇంటికెళ్లాక నీ ప్లగిన్ సంగతి చెప్పేశాను. అందరి ముందూ కాదు, వంటింట్లో. ఆయన అన్నం ముందునుంచి సగంలో లేచిపోయాడు. నువ్వు చెప్పింది నిజమే, ఆయనకి తెలియదు.

నిన్ను క్షమించానా? సగం. మిగతా సగానికి నువ్వొచ్చి నీ పెద్ద ప్లగిన్ ఏదో నన్ను కూర్చోబెట్టి నేర్పాలి.

నీ వదిన


వరండా పక్క గది
సెప్టెంబరు 25

వదినా,

ఉత్తరం చదివి వరండాలో గెంతాను. కింద పోర్షనావిడ పైకొచ్చి ఏమైందని అడిగింది. మా వదిన తొమ్మిది వాల్వులు కట్టిందండీ అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్లింది.

మొన్న అన్నయ్య ఫోన్ చేశాడు. హలో అనగానే, "నీ పేరు పెట్టించానే" అన్నాడు. వాళ్ల పెద్దల దగ్గరికి వెళ్లి, పేరు చెరపకూడదని నేను రాసిన లైసెన్సు కాగితం బల్ల మీద పరిచి, పేరు పెట్టకపోతే నేనే ఊరంతా చెబుతానన్నాడట. చీవాట్లు పెట్టారట. అయినా పెట్టారు, చిన్న అక్షరాలతో, అడుగున. ఉద్యోగానికి ఢోకా లేదులే, లైసెన్సు చదివినవాడు వాళ్లకి అక్కడ ఇంకెవడూ లేడు.

పెట్టేసేముందు ఒక ప్రశ్న అడిగాడు. "మీ వదిన అక్కడ ఇవన్నీ ఎప్పటినుంచి చేస్తోంది?" నేను చెప్పలేదు. ఆవిడనే అడుగు అన్నాను.

మరదలు


ఇల్లు, వంటింటి బల్ల
అక్టోబరు 4

నా బంగారు మరదలికి,

చూశావా, ఇంట్లో కూర్చుని, తలుపు బార్లా తీసి రాస్తున్నాను. దాచడానికిక ఏమీ లేదు.

ఇవాళ సాయంత్రం అయిదింటికి మా మ్యాపుల గది కిటికీలోంచి చూస్తే ఆఫీసు గేటు దగ్గర మీ అన్నయ్య! ఈ తొమ్మిదేళ్లలో నా కోసం ఎప్పుడూ రాని మనిషి. వాచ్‌మన్ని నా హోదా చెప్పి అడిగాడట, తప్పు లేకుండా. పైకి రానివ్వరు, నిబంధన. ఫోన్ పెట్టెలో పెట్టమన్నారట, ఇచ్చేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. నా పని అయిదుంబావుకే అయిపోయింది. ఆరున్నర దాకా దిగలేదు. కావాలనే. వాకింగ్‌కి వెళితే ఒళ్లు తగ్గుతుందన్నాడుగా, నిలబడితే ఇంకా తగ్గుతుంది.

దిగాక, "ఒక్కసారి నీ గది చూపించవూ?" అన్నాడు.

"బయటివాళ్లకి ప్రవేశం లేదండీ" అన్నాను.

తల ఊపి, "పోనీ, చెప్పు" అన్నాడు.

బస్సెక్కలేదు. నడిచొచ్చాం. ఒక్కొక్క వీధీ తిరుగుతూ, మన కాళ్ల కింద ఎంత లావు గొట్టం పోతోంది, ఎప్పుడు వేశారు, ఏ మలుపులో వాల్వుంది, ఏది తిరుగుతుంది, ఏది మొండికేస్తుంది, అన్నీ చెప్పాను. బయటివాడికి చెప్పకూడనివి మాత్రం చెప్పలేదు, భయపడకు. ఒక్కసారి కూడా మధ్యలో అందుకోలేదు ఆయన. గేటు దగ్గర తిరిగి తీసుకున్న ఫోన్ జేబులోంచి తియ్యలేదు. మూడు కిలోమీటర్లు నేనే మాట్లాడాను. నాకింత మాట్లాడటం వచ్చని నాకే తెలియదు.

ఇంకా రాయాలని ఉంది కానీ అవతలి గదిలోంచి పిలుస్తున్నాడు. పోస్టాఫీసు వీధి వదిలేశావు, దాని సంగతేమిటి అని.

వెళ్లి చెప్పొస్తాను.

నీ వదిన